మెట్ల కింద బెంచీ

జూన్ 3, సోమవారం

అజెండా కాగితాలు వచ్చాయి. అంశాలు పదకొండు. కాలువ మీద పలకలు, పార్కులో బల్లలు, బస్టాండు మరుగుదొడ్డికి కొత్త తలుపు, ఇలాంటివి తొమ్మిది. పదోది మున్సిపల్ సిబ్బంది జీతాల పెంపు. పదకొండోది వందన సమర్పణ. ఈసారి వందనాల దాకా వెళ్తామన్న నమ్మకం లేదు.

నాలుగేళ్ళుగా వాళ్ళకు జీతాలు పెరగలేదు. పెంచితే ఆ భారం కొట్ల పన్ను మీద పడుతుంది. బజారు వాళ్ళేమో, పన్ను పెరగనివ్వనని నా చేత మైకులో చెప్పించి మరీ నన్ను కౌన్సిలర్‌ని చేశారు. మా తోడికోడలేమో మున్సిపాలిటీలో చెత్త బండి డ్రైవరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందులో నుయ్యి మా ఇంట్లోనే ఉంది.

ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి, మాకొకటి మరిదికొకటి రెండు వాటాలు చేశారు మా మామగారు. రెండు వంటిళ్ళ మధ్య ఒక తలుపు ఉంచారు. గొళ్ళెం మా వైపు ఉంది.

సాయంత్రం తోడికోడలు ఎప్పట్లాగే మా కుట్టు కొట్టుకు వచ్చి వెనక గదిలో కూర్చుంది. బడి చొక్కాలకు కాజాలు వేసి, గుండీలు కుట్టి వెళ్ళింది. జీతాల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చొక్కాలు తిరగేసి చూశాను, ఒక్క దారప్పోగు లేవలేదు.

జూన్ 5

తాళాలాయన కొలతలివ్వడానికి వచ్చాడు. బజారు సంఘానికి పెద్ద. తాళాలు, గొళ్ళాలు అమ్ముతాడు కాబట్టి ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆయన వస్తే కొలతలు పది నిమిషాలు, కబుర్లు గంట. పదో అంశం సంగతి తనే ఎత్తాడు. పన్ను పెరిగితే బజార్లో సగం కొట్లకు తన తాళాలే పడతాయని చెప్పి, తన మాటకు తనే నవ్వాడు. నా మీద ఆయనకు నమ్మకం ఉందట. ఆ మాట మూడుసార్లు అన్నాడు. నమ్మకం ఉన్నవాళ్ళు ఒకసారి అంటే చాలు.

వెళ్తూ వెళ్తూ బల్ల మీదున్న చొక్కా తీసి చూశాడు. కాజాలు మిషను మీద వేసినట్టున్నాయే, ఎవరు వేశారన్నాడు. మా దగ్గర పని చేసే ఆవిడ అన్నాను. తను అప్పుడు వెనక గదిలోనే ఉంది. మధ్యలో తెర ఉంది కదా. ఫ్యాను చప్పుడుకి వినపడి ఉండదు.

జూన్ 6

కొట్లో కటింగు మా ఆయనది, కుట్టు నాది, నోరు కూడా నాదే. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఏడు అంగుళాలే. అలాంటి మనిషి ఇవాళ కత్తెర పక్కన పెట్టి, ఇంతకీ చెయ్యి ఎత్తుతావా లేదా అని అడిగారు. ఇది విధానానికి సంబంధించిన విషయం, ఇంట్లో తేల్చేది కాదన్నాను. "గోడ మీద పిల్లి ఎప్పుడో ఒకప్పుడు దిగాలిగా," అని మళ్ళీ కత్తెర తీసుకున్నారు.

మరిది పని చేసిన కాగితం మిల్లు మూతపడి రెండేళ్ళయింది. అప్పట్నుంచి అక్కడొక నెల, ఇక్కడొక నెల కాపలా పని. ఇల్లు నడిచేది తోడికోడలి జీతం మీదే. జీతం పెరిగితే సాయంత్రం కుట్టుపని మానేస్తానని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని మా ఆయనతో అందట. నాతో అనలేదు.

కళ్ళజోడు పెట్టించుకోమని కబురు చేశాను.

జూన్ 8, శనివారం

మాస్టారు ఫోన్ చేశారు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన కౌన్సిలరు. జీతాలు పెంచాలన్న వైపు ఆయనే పెద్ద దిక్కు. అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది తేలారట. సరిసమానంగా పడితే తీర్మానం వీగిపోయినట్టే. "ఎటూ చెప్పనిది మీరొక్కరేనమ్మా," అన్నారు. ఆలోచిస్తున్నానన్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను.

తర్వాత ఆఫీసుకు వెళ్ళి సెక్రటరీని ఒక సందేహం అడిగాను. మా కౌన్సిల్లో ఒక నియమం ఉంది. జీతాల మీద ఓటు పెట్టినప్పుడు, సిబ్బందిలో దగ్గరి బంధువు ఉన్న సభ్యులు ఆ సంగతి లేచి చెప్పి బయటికి వెళ్ళిపోవాలి. బయట మెట్ల కింద బెంచీ ఉంటుంది. ఓటు అయ్యేదాకా అక్కడ కూర్చోవాలి. దగ్గరి బంధువంటే ఎవరెవరు అని అడిగాను. ఆయన వేళ్ళు మడుస్తూ భార్యాభర్తలు, కన్నవాళ్ళు, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు అని చెప్పి, బొటనవేలు మిగిలితే దాన్ని అలాగే వదిలేశాడు. తోడికోడలో అన్నాను. లేదండీ, రూల్లో తోడికోడలు లేదు అని నవ్వాడు.

రూల్లో లేకపోతే మాత్రం మనస్సాక్షి అనేది ఒకటి ఉంటుంది కదా. రాసిన నియమం ఎవరైనా పాటిస్తారు, రాయనిది పాటించేవాళ్ళే పెద్దమనుషులు. ఈ మాట బాగా వచ్చింది. సోమవారం హాల్లో అనొచ్చు.

జూన్ 10, సోమవారం

అయిపోయింది.

మొదటి తొమ్మిది అంశాలకే మధ్యాహ్నం దాటింది. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికి తెరుచుకోవాలా అని ముప్పావు గంట కొట్టుకున్నారు. పదో అంశం రాగానే నిద్రపోతున్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు.

హోటలు నడిపే సభ్యుడు ముందు లేచాడు. జీతాల కోసం కొట్ల మీద పన్ను వేస్తే కొట్లు మూతపడతాయి, కొట్లు మూతపడితే చెత్త ఉండదు, చెత్త లేకపోతే వాళ్ళకు పనే ఉండదు, కాబట్టి జీతం పెంచకపోవడం వాళ్ళ మేలు కోసమే అన్నాడు. చప్పట్లు పడ్డాయి. నాకు నవ్వొచ్చింది కానీ సంఘం వాళ్ళు పైన గ్యాలరీలో ఉన్నారు. మాస్టారు ఎక్కువ మాట్లాడలేదు. నాలుగేళ్ళ నుంచి హోటల్లో కాఫీ ధర ఎన్నిసార్లు మారిందో చెప్పమని మాత్రం ఆ సభ్యుణ్ణి అడిగారు. ఆయన వెంటనే మంచినీళ్ళు తాగాడు.

చైర్‌పర్సన్ ఓటింగుకు ముందు అడగాల్సినది అడిగింది. కొడుకు మున్సిపల్ క్లర్కుగా ఉన్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన అలవాటు ప్రకారం సంచీ, నీళ్ళ సీసా తీసుకుని లేచారు. ఆయన వెనకే నేను లేచాను.

"మా తోడికోడలు ఈ మున్సిపాలిటీలో చెత్త బండి నడుపుతుంది. రూల్లో ఉన్నా లేకపోయినా ఆమె మా ఇంటి మనిషి. ఇంటి మనిషి జీతం మీద నేను ఓటు వేయడం న్యాయం కాదు."

రెండు వైపులా బల్లలు చరిచారు. గ్యాలరీలో తాళాలాయన లేచి నిలబడి మరీ తల ఊపాడు. పెద్దమనుషుల ముక్క మర్చిపోయాను, కానీ లోటు తెలియలేదు. మాస్టారు మాత్రం బల్ల చరచలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, నా వైపు చూడకుండా.

మెట్ల కింద బెంచీ చాలా పొట్టిది. పెద్దాయన సంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కకు జరిగారు. "నాకైతే కన్నకొడుకు, తప్పదు. నీకెందుకమ్మా ఈ బెంచీ?" అన్నారు. చెప్పాను. కాసేపు ఆలోచించి, ఎండాకాలంలో ఇక్కడ చల్లగానే ఉంటుందిలే అన్నారు.

అటెండరు వచ్చి చెప్పాడు. పన్నెండు, పన్నెండు. తీర్మానం వీగిపోయింది.

పాము చావలేదు, కర్ర విరగలేదు. ఇంటికొచ్చి స్నానం చేశాను.

జూన్ 11

పేపర్లో వేశారు. నా ఫోటో పాతది, బాగానే ఉంది. 'ఇంటి మనిషి కోసం ఓటు వదులుకున్న కౌన్సిలర్' అని పెట్టారు. నేను అన్నది అది కాదు, అయినా పర్వాలేదు. పొద్దున్నే నలుగురు ఫోన్ చేసి ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుందన్నారు. ఐదో ఫోన్ కోసం కాసేపు అక్కడే కూర్చున్నాను.

పేపరు వంటింటి తలుపు కింద నుంచి పక్క వాటాలోకి తోశాను. తనూ చూస్తుందని.

జూన్ 12

సమ్మె మొదలైంది. చెత్త బళ్ళన్నీ ఆఫీసు ముందు వరసగా పెట్టి, వాటి నీడలో కూర్చున్నారు. తోడికోడలు మూడో బండి దగ్గర ఉంది. నేను వెనక గేటు నుంచి లోపలికి వెళ్ళాను. ఆ దారిలో ఎండ తక్కువ.

జూన్ 15

బజారు కంపు కొడుతోంది. కొట్ల ముందు సంచులు గుట్టలుగా ఉన్నాయి. కుక్కలకు మాత్రం బాగుంది. మా ఇంట్లోనూ నాలుగు సంచులు పోగయ్యాయి, పెరట్లో కుళాయి పక్కన పెట్టాను. తోడికోడలు బట్టలు ఉతుక్కుంటూ వాటిని అటు ఇటు జరుపుకుంది తప్ప ఒక్క మాట అనలేదు. మామూలు రోజుల్లో మా సంచీ తనే తీసుకెళ్ళి బండిలో వేసేది. తను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన పదిహేనేళ్ళలో, తనకు ఈ ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి, నేను చెత్త మోసినట్టు గుర్తు లేదు.

సమ్మె రోజులకు జీతం రాదు. పగలు కూడా కాజాల పని ఉంటే ఇమ్మని మా ఆయన్ని అడిగిందట. బడులు తెరిచే రోజులు, చొక్కాలు కుప్పలుగా ఉన్నాయి. ఇచ్చాను. తనకూ మంచిదే, నాకూ మంచిదే.

జూన్ 16

ఆదివారం. చొక్కాలు అరవై పూర్తి.

జూన్ 17

నాకు ఒక అలవాటుంది. ఎదుటి మనిషి మాట్లాడకపోతే నేనే రెండు వంతులూ మాట్లాడతాను. అది మంచి అలవాటే అనుకునేదాన్ని.

మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేరు. తను వెనక గదిలో కాజాలు వేస్తోంది. వారం రోజులుగా పెదవి విప్పడం లేదు. నేను తెర జరిపి నిలబడి, సమ్మె ఎన్నాళ్ళుంటుందని అడిగాను. తెలియదంది. పోనీ, నీ మీద మాట రాకూడదనే నేను హాల్లోంచి లేచి వచ్చేశాను, అర్థం చేసుకున్నావు కదా అన్నాను. అక్కడితో ఆగి ఉంటే పోయేది. అంతమంది ముందు నీ గురించి ఎంత గొప్పగా చెప్పానో పేపర్లో చూశావు కదా అని కూడా అన్నాను.

తను సూది చొక్కాకు గుచ్చి, చొక్కా మడిచి పక్కన పెట్టింది. తొందరేమీ లేదు.

"పదిహేనేళ్ళలో మీరు నన్ను ఇంటి మనిషి అన్నది ఆ ఒక్క రోజే. అది కూడా బయటికి పోవడానికి."

మీరు అంది. ఎప్పుడూ అక్కా అని, నువ్వు అని పిలిచేది.

నేను ఏదో అనబోయాను. తను ఆపలేదు. "తాళాలాయనకి నేను మీ దగ్గర పని చేసే ఆవిణ్ణి. కౌన్సిల్లో మీ ఇంటి మనిషిని. ఏదో ఒకటి తేల్చండి. పని చేసేదాన్నైనా నాకు నామోషీ ఏం లేదు, కష్టపడే తింటున్నాను. కానీ రోజుకొకటి అంటే నాకు చేతకాదు."

మళ్ళీ సూది తీసుకుంది.

ఫ్యాను ఆగి ఉంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కాదు, ఆ గదిలో ఫ్యాను ఎప్పుడో పాడైంది. బాగు చేయిస్తానని పోయిన ఎండాకాలమే అన్నాను.

జూన్ 18

ఏమీ రాయాలని లేదు.

జూన్ 19

పక్క వాటాలో మరిది దగ్గు వినిపిస్తోంది. మా ఆయనతో, తను మొన్న నాతో ఏమందో తెలుసా అన్నాను. చెప్పు అన్నారు. చెప్పలేకపోయాను. చెప్తే ఆయన ఏమంటారో తెలుసు. ఆయన ఏమీ అనరు, అంగుళాల టేపు చుట్టుకుంటూ కూర్చుంటారు.

కోపం కూడా వచ్చింది. వచ్చిన కొత్తలో తనకు వంట నేర్పింది నేను. పురుడు వస్తే పక్కన ఉన్నది నేను. ఇవన్నీ ఇంటి మనిషికి చేసినవి కావా? ఈ లెక్క గంటసేపు వేసుకున్నాను. ఎంత వేసుకున్నా, పైకి ఒక్కసారి కూడా అనలేదన్న దగ్గరికే వచ్చి ఆగుతోంది.

జూన్ 20

కమిషనర్ రెండు వైపులా మాట్లాడాడు. జీతాల తీర్మానం మళ్ళీ పెడతారు, శనివారం ప్రత్యేక సమావేశం. తాళాలాయన ఫోన్ చేసి, మొన్నటిలాగే గౌరవంగా బయటికి వచ్చేయమన్నాడు. వ్యతిరేకంగా ఓటు వేయమని ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు కదా. నేను బయట కూర్చుంటే ఆయనకు అంతకంటే లాభం లేదు. ఆ సంగతి మొన్నే తెలియాల్సింది నాకు. తెలుసు కూడా.

జూన్ 22, శనివారం

హాలు నిండా కంపు. ఆఫీసు వెనకే చెత్త కుప్ప పడింది, కిటికీలు తెరిస్తే అదీ, మూస్తే ఉక్కా. ఉన్నది ఒక్క అంశమే కాబట్టి వాదనలు తొందరగా ముగిశాయి. హోటలు సభ్యుడు ఈసారి లేవలేదు. ఆయన హోటలు ముందు ఉన్నంత చెత్త ఊరు మొత్తం మీద ఇంకెక్కడా లేదట.

చైర్‌పర్సన్ అడిగింది, దగ్గరి బంధువులు ఉన్న సభ్యులు చెప్పాలని. పెద్దాయన సంచీ, సీసా తీసుకుని లేచారు. నా కుర్చీ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగారు, తోడు వస్తానేమోనని. నేను బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. అందరూ నా వైపు చూస్తున్నారు. పైన తాళాలాయన గ్యాలరీ కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు. చైర్‌పర్సన్ మరోసారి అడిగింది, నన్నే చూస్తూ.

"రూల్లో తోడికోడలు లేదండీ," అన్నాను. "నేను ఇక్కడే ఉంటాను."

ఈసారి ఎవరూ బల్లలు చరచలేదు.

అనుకూలమైనవాళ్ళు చేతులెత్తమన్నారు. ఎత్తాను. లెక్క పెట్టేవాడు తప్పు లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు, అంతసేపూ ఎత్తి ఉంచాల్సి వచ్చింది. భయం వేసింది. మైకులో పన్ను పెరగనివ్వనని చెప్పిన గొంతు నాదే కదా. వచ్చే ఎన్నికల్లో నా మొహం చూసేవాళ్ళు ఉండరని, అప్పుడే, చెయ్యి పైన ఉండగానే అర్థమైంది. దించలేదు.

పదమూడు, పన్నెండు.

బయటికి వచ్చేసరికి బళ్ళ దగ్గర జనం ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్నారు. తోడికోడలు బండి అద్దం తుడుస్తోంది. నన్ను చూసింది. చూసి, మళ్ళీ తుడవడంలో పడింది. ముందు గేటు నుంచే వెళ్ళాను.

జూన్ 24

తాళాలాయన వచ్చి తన గుడ్డ కత్తిరించకుండా అలాగే ఇచ్చేయమన్నాడు. మొదట న్యాయం కానిది మొన్న ఎలా న్యాయమైందని అడిగాడు. సరైన ప్రశ్నే. చెత్త కంపు భరించలేక అన్నాను. అదీ కొంత నిజమే.

ఆయన వేసుకున్న చొక్కా మేం పోయినేడు కుట్టిందే. మాట తిరగేయడానికి కాదు, చెప్పాలనిపించి చెప్పాను. "ఆ కాజాలు వేసింది నా తోడికోడలు. ఆ రోజు మీకు సరిగ్గా చెప్పలేదు."

ఆయన తన చొక్కా గుండీల వైపు చూసుకుని, గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్ళాడు. తెర వెనక తను ఉంది. ఫ్యాను బాగు చేయించాను, కానీ అప్పుడు తిరగడం లేదు.

జూన్ 25

తెర వెనక నుంచి ఏ మాటా రాలేదు. నేను ఎదురుచూశాను, అబద్ధమెందుకు.

జూన్ 30

మిగిలిన చొక్కాలన్నీ పూర్తి చేసి ఇచ్చింది. సూదుల డబ్బా నా బల్ల మీద పెట్టింది. "రేపట్నుంచి సాయంత్రాలు రానండీ," అంది. సరే అన్నాను.

ఈ సంగతి ఈ పుస్తకంలో ఎప్పుడో రాసి ఉండాల్సింది. తనకు జీతం పెరిగితే కాజాల పని మానేస్తుంది. తను మానేస్తే, నేనిచ్చే కూలికి అలాంటి పని చేసేవాళ్ళు నాకు దొరకరు. తాళాలాయన రాకముందే, అజెండా చేతికి వచ్చిన రోజే ఇది నా మనసులో ఉంది. ఎక్కడా రాయలేదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

జూలై 1

సాయంత్రం నేనే కాజాలు వేశాను. రెండు చొక్కాలకు గంటన్నర పట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మా ఆయన చొక్కా తిరగేసి చూసి, మళ్ళీ విప్పాలి అన్నారు.

వంటింటి తలుపు గొళ్ళెం తీసి ఉంచాను. అటువైపు నుంచి ఎవరూ తోయలేదు.

జూలై 2, మంగళవారం

పొద్దున్నే వీధిలో చెత్త బండి గంట మోగింది. సమ్మె తర్వాత మా వీధికి రావడం ఇదే మొదటిసారి, కాలువ అవతలి వీధులు ముందు శుభ్రం చేశారట. మా సంచీ కోసం తను లోపలికి వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. గంట మళ్ళీ మోగింది. పెరట్లో సంచులు, వంటింటి డబ్బా నేనే పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు. చెత్త మోసుకొస్తున్న కౌన్సిలర్ని చూడటం వాళ్ళకూ కొత్తే.

తను బండి దిగి వెనక నిలబడి ఉంది. చేతికి తొడుగులు, తలకు గుడ్డ. ఈ వేషంలో తనను నేను దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. సంచీ అందించాను. మూతి విప్పి లోపలికి చూసింది. కూరగాయ తొక్కలు, గుడ్డ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, అన్నీ కలిసే ఉన్నాయి. సంచీ మళ్ళీ నా చేతిలో పెట్టింది.

తడిదీ పొడిదీ విడదీసి తెస్తేనే తీసుకుంటారట. ఆ తీర్మానం మా కౌన్సిల్ పోయినేడు చేసిందే. నేనూ చెయ్యి ఎత్తాను, అదేమిటో చదవకుండా.

ఇన్నాళ్ళూ మాది ఎవరు విడదీశారో నేను అడగలేదు. అడగక్కర్లేదు.

ఇవాల్టికి తీసుకోమని అన్నాను. గొంతు తగ్గించి, ఎదురింటివాళ్ళకు వినపడకుండా, మనం మనం ఒకటి కదా అని కూడా అన్నాను.

తను నన్ను చూసింది. ఇరవై రోజుల తర్వాత పెదవి చివర కొంచెం కదిలింది.

"రూలు అందరికీ ఒకటే అక్కా," అంది. "కూర్చుని ఏరు. గంట కొడతాలే, వెనక్కి వచ్చేటప్పుడు."

అరుగు మీద కూర్చుని ఏరాను.